హిరాల్దా గోపురం మీద గాలి మళ్ళించిన కాసిమీరో

సెవిల్లా ఊళ్ళో, నదికి అవతలి గట్టున, త్రియానా పేటలో ఒనోఫ్రె బారు ముందు పడవవాళ్ళంతా చేరారు. కొత్తగా విహార పడవ కొన్న బ్రిహిదమ్మ కూడా వచ్చి కూర్చుంది, దానికో సరంగు కావాలని. సరంగు ఉద్యోగం మీద, పర్యాటకుల పడవలో పనిచేసే కాసిమీరోకి ఎన్నాళ్ళుగానో కన్ను. ఆవిడ ఆలివ్ కాయ నోట్లో వేసుకుందో లేదో, అతను గొంతు సవరించుకున్నాడు.

"సరంగంటే ఎలా ఉండాలో చెప్తా వినండమ్మా. పోయిన వసంతంలో పడవ నిండా స్వీడన్ వాళ్ళు. గట్టు మీది బంగారు బురుజు చూపిస్తున్నానా, ఇంజను టక్కున ఆగిపోయింది. కంగారుపడ్డానా? అబ్బే! ఒంటిచేత్తో తెడ్డు వేస్తున్నా, రెండో చేత్తో బురుజు చరిత్ర చెప్తున్నా."

"చేత్తో చరిత్ర చెప్పడమేంట్రా?" అన్నాడు ఒనోఫ్రె.

"చెయ్యి ఊపకుండా మాట్లాడేవాడు మన త్రియానాలో ఉన్నాడా? అడ్డురాకు. అంతలో తెడ్డు విరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడుం బెల్టు తీసి నీళ్ళలోకి విసిరా. ఓ చేప పట్టుకుంది. చేప కాదు నాయనా, ఎద్దు! పోరు మైదానంలో ఎద్దుకి కొమ్ములుంటాయి, దీనికి మీసాలు, అంతే తేడా. పడవని లాక్కుపోతోంది. వంతెన కింద దూరామా, ఆ వేగానికి నది లేచి నిలబడిపోయింది!"

"నది నిలబడిందా?" అన్నాడు మళ్ళీ ఒనోఫ్రె.

"పాదిరీగారొస్తే చర్చిలో జనం లేవరూ, అలాగ! మమ్మల్ని ఎత్తుకుని ఇళ్ళ కప్పుల మీదుగా, నారింజ చెట్ల మీదుగా సరాసరి హిరాల్దా గంటల గోపురం కొసకి చేర్చింది. కొసన గాలివాటుకి తిరిగే కంచు ఆడబొమ్మ లేదూ, ఆవిడా నేనూ ముక్కూ ముక్కూ! స్వీడన్ వాళ్ళు ఫొటోలే ఫొటోలు. మరి దిగడమెలా? గాలి వీస్తే బొమ్మ తిరుగుతుంది కదా, బొమ్మని తిప్పితే గాలి తిరగదూ? ఆవిడ నడుం పట్టుకుని గిర్రున తిప్పా. కాదిజ్ ఊళ్ళో ఆరేసిన దుప్పట్లు సముద్రం దాటి మొరాకోలో దొరికాయి! మా పడవ ఈకలా వచ్చి రేవులో వాలింది. ఒక్కరి గ్లాసులో వైను తొణకలేదు!"

అదే పడవ నడిపే ముసలి సరంగు లియాంద్రో ఆలివ్ గింజ ఊశాడు.

"రేవులో వాలడానికి, రేవు వదిలితేగా? తాడు విప్పడం నీ పని. మైకు పట్టుకుని కోతలు కోస్తూ మరిచిపోయావు. ఇంజను వేడెక్కి ఆగేదాకా మనం ఉన్నచోటే ఉన్నాం కదరా!"

బారంతా గొల్లుమంది. కాసిమీరో చెవులు ఎర్రబడ్డాయి.

బ్రిహిదమ్మ మాత్రం నవ్వలేదు. "మరి స్వీడన్ వాళ్ళు గొడవ చెయ్యలేదా, లియాంద్రో గారూ?"

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "అదేనమ్మా విచిత్రం. వీడి కబుర్లలో పడి, పడవ కదల్లేదని ఒక్కరూ కనిపెట్టలేదు. చప్పట్లు కొట్టి మరీ దిగారు."

బ్రిహిదమ్మ లేచి, కాసిమీరో భుజం తట్టింది.

"సరంగుని ఇంకోచోట వెతుక్కుంటాను గానీ, రేపొచ్చి మైకు పట్టుకో. తాడు జోలికి మాత్రం వెళ్ళకు నాయనా, అది నేనే విప్పుకుంటా."