టిఫిన్ క్యారేజీలో సవతి

మిర్చి కాదు బాబాయ్! మిర్చి కాదని ఇందాకట్నించీ మొత్తుకుంటూనే ఉన్నానుగా! టిఫిన్ క్యారేజీలో మిర్చి ఎవరైనా తెస్తారా?

అన్నం కూడా కాదు. నవ్వకండి. నన్ను గుర్తుపట్టలేదా? సత్తెనపల్లి బుడే కూతుర్ని, నజ్మీన్‌ని. ఏటా మా నాన్న మిర్చి బస్తాలు, ఆ టిక్కీలన్నీ మీ కోల్డ్ స్టోరేజీలోనేగా పెట్టేది. యలమందయ్య మేనేజరుగా ఉన్నన్నాళ్ళూ మన సరుక్కి దిగుల్లేదే అని మీ గురించి అంటుంటాడు. ఆ ధైర్యంతోనే గుంటూరు ఎండలో పడి ఇంత దూరం వచ్చాను. కాస్త ఆ ఫ్యాను ఇటు తిప్పండి, పుణ్యముంటుంది.

ఇదిగో, చూడండి. పై గిన్నెలో ఐసు, కింది గిన్నెలో ఐసు. మధ్య గిన్నెలో ఊక, ఆ ఊకలో ఈ సీసా. ఇంతే. నా చిటికెనవేలంత కూడా లేదు.

ఖాళీగా ఉందంటారేంటి! ఖాళీ కాదు. అడుగున అద్దం మీద ఊదినట్టు తెల్లటి పొర ఉంది, కనిపించిందా? మొదట్లో నేనూ ఖాళీ సీసానే అనుకున్నాను. ముద్దుగా ఉంది కదా, అత్తరు పోసుకుందామని మూత తీయబోయాను. మా ఆయన వేసిన కేక వీధి చివరికి వినపడింది. పెళ్ళయ్యాక నా మీద అరవడం అదే మొదలు. దీని మూలానే.

ఏముందా? ప్రోటీను బాబాయ్. అబ్బే, కందిపప్పులో ప్రోటీను కాదు. ఆయన చెప్పిందే చెబుతాను, నాకు అర్థమైనంతలో. మన ఒంట్లో కణాలుంటాయి కదా. ఎక్కడైనా గాయమైందనుకోండి, ఇది వాటి దగ్గరికి పోయి, లేవండి, పెరగండి, ఆ గాయం పూడ్చండి అని కబురు చెబుతుందట. మనిషి ఒంట్లో ఉండేదే, కానీ దీన్ని మనిషిలోంచి తీయలేదు. మనిషి జన్యువును కంటికి కనపడని సూక్ష్మజీవిలోకి ఎక్కించి, దానిచేత చేయించారట! పరిశోధనకే తప్ప మనుషులకి వాడకూడదని దాని మీదే రాసుంది.

పరాయి దేశం నుంచి వచ్చింది. విమానంలో, ఐసు మధ్య కూర్చుని, దర్జాగా! నేను ఇంతవరకూ ఏసీ బస్సు ఎక్కి ఎరగను.

కుళ్ళా? కుళ్ళే! కాదని ఎవరన్నారు?

మా ఆయన ముదస్సిర్ తెలుసుగా, ఫార్మసీ కాలేజీలో లెక్చరర్. పీహెచ్‌డీ చేస్తున్నాడు, గాయాలు ఎలా మానతాయనే దాని మీద. ఆ కాలేజీలో కరెంటు పోతే జనరేటరు కంప్యూటర్లకే గానీ ఫ్రిజ్‌కి ఇవ్వరట. అందుకని దీన్ని ఇంటికి తెచ్చి మా ఫ్రీజర్లో పెట్టాడు. ఇక చూడండి నా బతుకు! మాటిమాటికీ తలుపు తీయకు. ఐసు ట్రే పెట్టకు. మా చెల్లెలు సైమా పిల్లల్ని తీసుకుని ఎండన పడి వస్తే, షర్బత్‌లో వెయ్యడానికి ఐసు ముక్క లేదు. కుండనీళ్ళు పోసిచ్చాను, తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఇంటికొస్తాడా, చెప్పులు కూడా విప్పకుండా సరాసరి ఫ్రిజ్ దగ్గరికే. తలుపు తీసి, వంగి చూసుకుని, మళ్ళీ మెల్లిగా వేస్తాడు, చప్పుడుకి దానికి నిద్రాభంగమవుతుందన్నట్టు. నేను పక్కనే నిలబడి ఉంటాను మంచినీళ్ళ గ్లాసుతో. గ్లాసు అందుకుంటాడు. ఇచ్చిందెవరో చూడడు.

ఇదిగో, ఈ చెయ్యి చూడండి. మచ్చ కనపడుతోందా? పోయిన నెల బజ్జీలు వేస్తుంటే నూనె చింది కాలింది. గాయాల మీద పరిశోధన చేసే మనిషి బాబాయ్! గాజుపళ్ళెంలో కణాల మధ్య గీత గీసి, అది ఎంత పూడిందో అని గంటలకొద్దీ కన్నార్పకుండా చూసే మనిషి! నేను ఈ చేతికి కట్టు కట్టుకునే రోజూ అన్నం వడ్డించాను. కట్టు తీసేశాక అడిగాడు, చేతికేమైంది నజ్మీన్ అని.

పోనీ ఆ మందు ఒక చుక్క నాకూ వెయ్యొచ్చుగా అన్నాను, సరదాకే. దెబ్బకి లేచి ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడ్డాడు! నా నుంచి దాన్ని కాపాడుకుంటున్నాడు! అది మందు కాదు, మనుషులకి వాడకూడదు, నువ్వు ఏదైనా ఆయింట్‌మెంట్ రాసుకో అన్నాడు.

మీరు నవ్వుతూనే ఉన్నారు. ఏ ఆడదాన్నో తెచ్చిపెట్టుకుంటే అందరూ నా పక్షాన మాట్లాడేవాళ్ళు. జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేదాన్ని. దీనికి జుట్టుందా? ఎక్కడ పట్టుకోను?

ఆయన ఊళ్ళో లేడు. అక్కడి ల్యాబ్‌లో ఏదో నేర్చుకోవాలని హైదరాబాదు వెళ్ళాడు. నిన్న మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఆ చప్పుడు వినగానే నాకేమనిపించిందో చెప్పనా? మా నాన్నకి చెప్పనంటేనే. హమ్మయ్య అనిపించింది. ఫ్రీజర్ తలుపు బార్లా తీసి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. నీ పని అయిపోయిందే అన్నాను. ఔను, సీసాతోనే! మంచు కరిగి నీళ్ళు నేలంతా పారుతుంటే చూస్తూ కూర్చున్నానే గానీ గుడ్డ వెయ్యలేదు.

ఇవాళ పొద్దున ఫోన్ చేశాడు. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. చల్లగా ఉందా అన్నాడు. ఎక్కడ చల్లగా, చెమటతో తడిసి ముద్దవుతున్నాను అన్నాను. నువ్వు కాదు నజ్మీన్, సీసా అన్నాడు.

కరెంటు లేదని చెప్పాను. ఆ గొంతు వణికింది బాబాయ్. అది పోతే మళ్ళీ తెప్పించడానికి కాలేజీ వాళ్ళు ఒప్పుకోరు, నా పీహెచ్‌డీ ఆగిపోతుంది అన్నాడు. నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు కూడా ఆ గొంతు అలా వణకలేదు. ఏడుపొచ్చింది. దాని మీద కోపంతో వచ్చిందో, ఆయన మీద జాలితో వచ్చిందో నాకే తెలీదు.

అప్పుడు తట్టింది. ఇది పాడైపోతే ఆయన దీన్ని మర్చిపోతాడా? బతికినన్నాళ్ళూ తలుచుకుని కుమిలిపోతాడు. కళ్ళెదురుగా ఉన్న సవతితోనే వేగలేకపోతున్నాను, పోయినదానితో నేనెక్కడ పోటీపడను? అందుకే లేచి ఐసు కోసం సోడాల కొట్టుకి పరిగెత్తాను. దీని మీద ప్రేమ పొంగి కాదు.

ఇంకా పనికొస్తుందా అంటారా? పనికొస్తుందట, ఏం ఫర్వాలేదు. పొడిగా ఉన్నప్పుడు ఒకటిరెండు రోజులు ఓర్చుకుంటుందట, నీళ్ళలో కలిపాకే సుకుమారం ఎక్కువ. ఈ ముక్క ఫోన్ పెట్టేసే ముందు చెప్పాడు మహానుభావుడు! మీ కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్తానంటే, ఇక ఆ చల్లదనం చాలన్నాడు, మళ్ళీ ఎండ తగలకుండా చూస్తే చాలట.

పెడతారా! అమ్మయ్య. టిక్కీల కింద పెట్టకండి, నలిగిపోతుంది. ఆ పై అరలో పెట్టించండి.

మిర్చికి సరుకు రసీదు రాసినట్టు దీనిక్కూడా బాండు రాస్తారా? రాయండి, పద్ధతి పద్ధతే కదా. పేరా?

ఆగండి, ముదస్సిర్ అని కాదు. ఒక మాట అడుగుతాను. బాండు ఎవరి పేరున ఉంటే వాళ్ళొచ్చి నిలబడితేనే సరుకు బయటికొస్తుందని మా నాన్న అంటుంటాడు. నిజమేనా? కట్టుకున్న మొగుడొచ్చి అడిగినా ఇవ్వరా?

అయితే నజ్మీన్ అని రాయండి.

ఆదివారం బస్సు దిగి సరాసరి ఇక్కడికే వస్తాడు, ఇంటికి రాడు, నాకు తెలుసు. ఇవ్వకండి బాబాయ్. ఎంత బతిమాలినా ఇవ్వకండి. మీ ఆవిణ్ణి వెంటబెట్టుకుని రమ్మనండి.

వస్తాను లెండి, రాకేం. కాస్త బతిమాలించుకుని వస్తాను. అంతసేపూ నా మొహమే చూస్తూ నిలబడాలిగా.