కవరు మీద లేని ముద్ర

ఆఁ… హలో. నేనే. చెప్పు తమ్ముడూ.

…ఏముంది, బట్టలారేస్తున్నా. ఇప్పుడే పక్కింటావిడ గోడ మీంచి పరామర్శించి వెళ్ళింది. "ఉద్యోగం పోయిందటగా అమ్మాయ్" అని. ఆవిడ తోటికోడలి కొడుకు మన ఆఫీసేగా. వాడు వాళ్ళమ్మకి చెప్పాడట, వాళ్ళమ్మ ఈవిడకి చెప్పిందట. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు గానీ, పోయిందని నాకెవరూ చెప్పలేదే?

…సరే, విషయానికి రా.

…ఏ ఉత్తరం? నేను సంతకం పెట్టాల్సిందా?… చదువు. పైకే చదువు.

…ఆగాగు. "ఆ లైను నేనే మార్చాను" అన్నావు. నేనే అంటే ఎవర్రా?

…నేనా!

…అరవట్లేదు. అర్థమయ్యేలా అడుగుతున్నా. ల్యాబు నుంచి ఆసుపత్రికొచ్చే రిపోర్టుల్లో అత్యవసరమైనవి వెతికి ఏరే ప్రోగ్రాములో ఆ ఎక్స్‌పాత్ లైను రాసిందెవరు? నేను. ఎక్కడ వెతకమన్నాను? బాడీలో, రిపోర్టు లోపల. నాకు జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచమెక్కితే, ఫంక్షన్ మార్చి హెడర్‌లో, అంటే పైన కవరు మీద, చూడమని రాసిందెవరు?

…త్వరగా అవుతుందనా! అవుతుంది మరి. ఉత్తరం విప్పకుండా కవరు చూసి పక్కన పడేస్తే ఎంతసేపు పడుతుంది? ల్యాబు వాళ్ళు కవరు మీద 'అత్యవసరం' అని ముద్ర వెయ్యరని నీకెన్నిసార్లు చెప్పాను? అది లోపలే ఉంటుంది. లేనిదాన్ని అడిగితే ఆ ఫంక్షను గొడవ చెయ్యదురా. ఖాళీ చేతులు చూపించి ఊరుకుంటుంది. రిపోర్టుల్ని ఎటు పంపాలో చూసే మన జావా రూటు దాన్ని మామూలు వాటిలో కలిపేస్తుంది.

…టెస్టులు పాసవ్వక ఏం చేస్తాయి? పరీక్షకి పెట్టిన నమూనా రిపోర్టులన్నిటికీ కవరు మీద ఆ ముద్ర నువ్వే గుద్దుకున్నావు. ప్రశ్న నీదే, జవాబూ నీదే.

…ఏమన్నావు? మళ్ళీ అను.

…అవును, చావలేదు. ఆ బస్సు డ్రైవరు చావలేదు. ఆయన రిపోర్టు మూడు రోజులు మామూలు వాటి అడుగున పడుంటే, మోకాలి కింద కాలు తీసేశారు. అంతే. చావలేదు.

…లాగిన్ నాదే. కాదన్నానా? "అక్కా, నీ పాస్‌వర్డ్ చెప్పు, చిన్న పనుంది" అంటే, ఒళ్ళు కాలిపోతున్నా చెప్పాను. ఆ తప్పు నాది. అది రాసిస్తా, సంతకం పెడతా. లైను మార్చిన తప్పు మాత్రం నాది కాదు.

…ఆహా. నాకు మీ బావ ఉన్నాడు కాబట్టి నా ఉద్యోగం పోయినా ఫరవాలేదా? అంటే పదకొండేళ్ళూ నేను కాలక్షేపానికి వెళ్ళొచ్చానా ఆఫీసుకి? కీబోర్డు మీద నీ వేళ్ళు పెట్టించి నేర్పింది నేను. నువ్వు నాకే పై ఆఫీసరువైతే వీధంతా చెప్పుకున్నదీ నేనే. బాగుందిరా, ఏరు దాటి తెప్ప తగలేశావు.

…ఎప్పటిలోగా కావాలి సంతకం?

…ఇవాళేనా? అంత తొందరేం? విచారణ గురువారం కదా?

…ఏమిటా నసుగుడు?… తమ్ముడూ, ఒక్కటి చెప్పు. ఆ తోటికోడలి కొడుక్కి నా ఉద్యోగం సంగతి ఎలా తెలిసింది?

…ఎవరో అంటే?

…చెప్పేశావు. నన్నడక్కముందే వాళ్ళకి నా పేరు చెప్పేశావు. ఈ ఉత్తరం ఉత్త తతంగం, అంతేగా?

…ఏడవకు. నీ ఏడుపు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

…ఎవరు పక్కన? అమ్మా? ఇంతసేపూ వింటోందా?… ఇవ్వు. ఇవ్వరా, ఫరవాలేదు.

అమ్మా… ఆఁ, తిన్నాను.

…తెలుసమ్మా, వాడు మగపిల్లాడు. నేను పుట్టకముందే తెలుసేమో నాకు ఆ సంగతి.

…లేదు, వాణ్ణి శపించట్లేదు. నువ్వే చెప్పు, నేను ఒప్పుకుంటే వాడు రేపు ఇంకో లైను మార్చడా? దానికెవరి కాలు పోతుంది?

…ఆఁ, సాక్ష్యముంది. మార్చిన రోజు వాడే నాకు మెసేజ్ పెట్టాడు. "అక్కా, నీ లాగిన్‌తో ఒక లైను మార్చా, అన్నీ పాసయ్యాయి, పడుకో" అని. దాన్నే పట్టుకుని కూర్చున్నా నిన్నట్నుంచీ. తీసేద్దామనీ అనుకున్నాను. వాడే ఫోన్ చేసి ఒప్పుకుంటాడేమో చూద్దామనీ అనుకున్నాను.

…తమ్ముడే. ఎవరు కాదన్నారు?

…వద్దమ్మా, ఒట్లు పెట్టకు. నీ ప్రాణం మీద అసలే వద్దు.

…ఆ మెసేజ్ విచారణ వాళ్ళకి పంపేశానమ్మా. ఇప్పుడే, నువ్వు మాట్లాడుతుండగానే.

…