అధికారి తాగిన గిన్నె

పండుగల్లో సారా మాని సువార్త సంఘంలో చేరినందుకు ఊరివాళ్ళు ఇల్లు కాల్చి తరిమేసిన ఆ దంపతులను, ప్రభుత్వ ట్రక్కు మెక్సికోలోని చియాపాస్ కొండల్లో, కాలి మిగిలిన అదే గుమ్మం ముందు దింపి వెళ్ళింది. పాప చెయ్యి పట్టుకున్న భార్య గడప దాటలేదు.

“రావే, భయమెందుకు? రాజీ కాగితం మీద ఊరి పెద్దలంతా సంతకాలు పెట్టారుగా!”

“సంతకాలు సరే. రాజీ సారా గిన్నె తిప్పారా?”

“తిప్పారు.”

“నువ్వు తాగావా?”

“మనం సారా ముట్టుకోం అని చెప్పా. రాజీ కుదిర్చిన అధికారి నవ్వేసి, నా వంతు కూడా తనే తాగాడు.”

“ఎంత మంచోడో! గిన్నె తాగినవాళ్ళతోనే కదయ్యా ఈ ఊరికి రాజీ? అది ఆయనతో కుదిరింది, మనతో కాదు.”

భర్త వెనక్కి తిరిగి దారి వైపు చూశాడు.

“ఈ ఒక్క రాత్రికి ఆయన్ని ఉండమనకపోయావా?”

“ఆయనెక్కిన ట్రక్కు లోయలోకి దిగిపోయిందే.”

“అయితే పాప చెప్పులు విప్పకు.”