తవుడుకు కొన్న పిల్ల

వచ్చినవాళ్ళందరికీ నమస్కారం. హెడ్మాస్టరు గారికీ, తోటి ఉపాధ్యాయులకూ, మా కోడలి చేత చివాట్లు తిన్న పిల్లలకూ, ఆ పిల్లల్ని కన్నవాళ్ళకూ.

పోయింది మీకు సైన్సు టీచరు. నాకు కోడలు. కోడలి సంతాప సభలో అత్త మాట్లాడటం వరస తప్పిన పని. నిజానికి ఈ మైకు ముందు తను నిలబడి, "మా అత్తగారు నోటి దురుసు మనిషే గానీ లోపల మంచిదే" అని ఒక అబద్ధం చెప్పాలి. నేను ఫొటోలో కూర్చుని వినాలి. తారుమారైంది. పూటకు గుప్పెడు మాత్రలు మింగుతూ నేను మిగిలాను, నిన్న మొన్నటిదాకా చాక్‌పీసు పట్టుకుని మెట్లెక్కి దిగిన మనిషి వెళ్ళిపోయింది. ఇక్కడ నిలబడటానికే నాకు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు ఇదొక్కదానికే కాదు. చెప్తాను. ఫోన్లు జేబుల్లో పెట్టుకుని వినండి.

నేనూ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్నే. రాజుల వంశవృక్షాలు కంఠతా వచ్చు. ఏ రాజుకు ఎవడు కొడుకో నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. ఆ వృక్షాల్లో తల్లులు ఎక్కడున్నారని నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు. కోడలు ఇంటికొచ్చాక వచ్చింది.

మనవరాలు పుట్టినప్పుడు ఆసుపత్రి గదిలో మంచం చుట్టూ మా వాళ్ళందరం మూగాం. ముక్కు మాది అన్నాం. నుదురు మాది అన్నాం. పొడుగాటి వేళ్ళు ఇంకెవరివి, మావే. పిల్ల కేర్‌మని ఏడవగానే, "ఇది మాత్రం వాళ్ళమ్మ పోలిక" అన్నాం. బాలింత కళ్ళయినా తెరవకుండా అంది: "అత్తయ్యా, సగం నాది. ఏ సగమో మీరు ఏరుకోవడానికి లేదు."

అలాంటి మనిషి పాఠం చెప్తే ఎలా ఉంటుంది? "అనువంశికత" అని బోర్డు మీద రాసేది. పిల్లలకు నోరు తిరిగేది కాదు. తుడిపేసి "పోలిక" అని రాసేది. మీ ఇళ్ళలో రోజూ దీని మీద గొడవే కదా, ఆ గొడవకు ఒక లెక్కుంది, నేర్చుకుందాం రండి అనేది. రెండు గుడ్డసంచుల నిండా గుండీలు పోసుకుని వెళ్ళేది. అమ్మ సంచిలోంచి ఒక గుండీ, నాన్న సంచిలోంచి ఒక గుండీ. నల్లది ఒక్కటి వచ్చినా నలుపే పైకి కనిపిస్తుంది. తెలుపు బయటపడాలంటే రెండూ తెల్లవే రావాలి. ఇంతే పాఠం. నాలాంటి చరిత్ర మనిషికి కూడా అర్థమైందంటే చూడండి.

పాఠం అయ్యాక ఇంటిపని. అమ్మ చెవి తమ్మె, నాన్న చెవి తమ్మె చూసి రండి. బుగ్గకు అతుక్కుని ఉందా, విడిగా వేలాడుతోందా? పాఠ్యపుస్తకం లెక్కలో అతుక్కున్న తమ్మె తెల్ల గుండీ లాంటిది. అమ్మానాన్నలిద్దరికీ అతుక్కుని ఉంటే పిల్లకు వేలాడే తమ్మె రాకూడదు.

ఒక ఏడాది ఒక పిల్లకు వచ్చింది.

తండ్రి బస్సు డ్రైవరు. తల్లి ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. మీలో సగంమంది తొడుక్కున్నవి ఆవిడ కుట్టినవే. ఆ పిల్ల లేచి, చూసింది చూసినట్టు చెప్పింది. పాఠం ఊపులో ఉన్న మా కోడలు, "అలా కుదరదమ్మా, సరిగ్గా చూసుకుని రా" అంది. వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు: "చూసేదేముంది టీచర్, దాన్ని తవుడుకు కొన్నారు!"

క్లాసంతా నవ్వింది. మా కోడలూ నవ్వింది.

తవుడుకు కొన్నాం అని పిల్లల్ని ఏడిపించని ఇల్లు మనలో ఒక్కటైనా ఉందా? నా కొడుకు అన్నం తిననప్పుడల్లా నేనే అనేదాన్ని. పిల్లలు కాసేపు ముక్కు చీదుకుని, అమ్మ ఒళ్ళోకి దూరి మరచిపోతారు. కానీ ఆ రోజు ఆ వేళాకోళానికి సైన్సు పుస్తకం సాక్ష్యం పలికింది.

పిల్లల నవ్వు బడిగంటతో ఆగిపోయింది. పెద్దల నోరు ఆగిందా? కూరల బండి దగ్గర, "టీచరే చెప్పిందట, కుదరదని!" "మొగుడు డ్యూటీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతాడాయె." "మనకెందుకులే గానీ..." అంటూనే ఇంకో అరగంట. కొలతలివ్వడానికి వెళ్ళినవాళ్ళు, మెడలో టేపు వేసుకున్న ఆ మనిషి ముఖం చూడలేదు, చెవులు చూసి వచ్చారు. డ్రైవరు చెడ్డవాడు కాదు. అయినా కంచం ముందు కూర్చుని కూతురి చెవి వంక చూడటం మొదలుపెట్టాడు. పిల్ల జుట్టు చెవుల మీదికి దువ్వుకోవడం మొదలుపెట్టింది. ఆ పైన బడికి రావడం మానేసింది.

అప్పుడు మా కోడలు అన్నం నిద్రా మరచిపోయి పుస్తకాలు తిరగేసింది. తనకు చదువు చెప్పిన ప్రొఫెసరుకు ఫోన్లు చేసింది. తేలిందేమిటంటే, చెవి తమ్మె ఒక్క జత గుండీలతో తేలే వ్యవహారం కాదట. బోలెడు జతలు కలిసి తేలుస్తాయట. అతుక్కున్న తమ్మెలవాళ్ళకు వేలాడే తమ్మెల పిల్లలు నిక్షేపంగా పుడతారట. పుస్తకం సులువు కోసం కోసి చెప్పింది. ఆ కోత ఒక ఇంటి మీద పడింది.

ఆ సాయంత్రం వచ్చి నా కొడుకు చెవి పట్టుకుంది. పెళ్ళాం మొగుడి చెవి పట్టుకోవడం మా ఇంట్లో వింతేమీ కాదు. కానీ వాణ్ణి వదిలేసి నా చెవి చూసింది. గోడ మీద మా ఆయన ఫొటో చూసింది. ఆయనకూ నాకూ అతుక్కునే ఉన్నాయి. నా కొడుక్కి మాత్రం గంటల్లా వేలాడుతున్నాయి! "అత్తయ్యా, ఈ సంగతి నలుగురిలో చెప్పనా?" అంది. "నువ్వు చెప్పడమేమిటి, నేనే వచ్చి చూపిస్తా" అన్నాను.

ఈ హాల్లోనే తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. మా కోడలు లేచి, "పుస్తకం పొరపాటు చెప్పింది, నేను సరిచూడకుండా చెప్పాను. అంతకన్నా పెద్ద తప్పు, నవ్వాను" అంది. తర్వాత నేను మా ఆయన ఫొటో చేత్తో పట్టుకుని, కొడుకును పక్కన నిలబెట్టుకుని, నగల కొట్లో పెళ్ళికూతురిలా తల అటూ ఇటూ తిప్పి చూపించాను. మీరేం చేశారు? చప్పట్లు కొట్టారు. "మామ్మగారిది ఎంత పెద్ద మనసో" అన్నారు. మా ఆయన కూడా ఉద్యోగం పేరిట నెలలో సగం రోజులు ఊళ్ళు తిరిగినవాడే. ఆ సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదేం?

అవే చెవులు. అదే లెక్క. నా చెవి సైన్సయింది. ఆవిడ చెవి శీలమైంది. ఎందుకని? నేను లెక్చరర్ననా? ఆవిడ మిషను తొక్కుకునే మనిషనా? ఆ చప్పట్లు ఇప్పటికీ నాకు చెంపదెబ్బల్లా వినిపిస్తాయి.

డ్రైవరు ఆ రోజు అందరి ముందూ ఏడ్చాడు. ఇంటికెళ్ళి భార్య ముందు తలదించుకున్నాడు. సంసారం నిలబడింది. పిల్ల మాత్రం ఈ బడి గుమ్మం మళ్ళీ తొక్కలేదు. వేరే బడిలో చదువుకుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ మా కోడలు ఆ పాఠాన్ని తన తప్పుతోనే మొదలుపెట్టేది. ఏ పిల్లనూ అమ్మానాన్నల చెవులు చూసి రమ్మని పంపలేదు.

తను క్షమాపణ క్లాసులో చెప్పింది, సభలో చెప్పింది, వాళ్ళింటి మెట్ల మీద నిలబడి చెప్పింది. చెప్పిన పాఠానికి చెప్పుకుంది. మరి మోసిన మాటకు ఎవరు చెప్పారు? ఒక్కరు? చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "బోర్డు మీద రాసింది తుడిచేశానత్తయ్యా. వాళ్ళ నోళ్ళలోది తుడవలేకపోయాను" అంది.

ఆ తల్లి ఇవాళ వచ్చింది. చివరి వరసలో కూర్చుంది. ఆవిడకు ఇటు రెండు కుర్చీలు ఖాళీ, అటు రెండు ఖాళీ. గుమ్మం బయట ఎండలో అంతమంది నిలబడి ఉన్నారే, ఎవరికీ అవి కనిపించలేదా? కళ్ళలో శుక్లాలు పెట్టుకుని నేను ఇంత దూరం నుంచి చూస్తున్నాను.

తిరిగి చూడకండి. ఇన్నేళ్ళూ చూశారు, చాలు.

ఇక లేచి నిలబడండి. మౌనానికి ఇంతసేపని నేను చెప్పను, గడియారం చూడను. ఈ మైకు వదిలేసి ఆవిడ పక్క కుర్చీ దాకా నడుస్తాను. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు, హాలు పొడుగు. నేను చేరి కూర్చునేదాకా ఎవరూ నోరు విప్పొద్దు. అప్పుడు మూసుకోవలసిన నోళ్ళు కనీసం ఇప్పుడు, మా కోడలి కోసం, మూసుకుందాం.

లేవండి.

అమ్మాయ్, నువ్వు లేవకు. నువ్వు కూర్చో. నేనే వస్తున్నాను.