దేవుడి గదిలో ఉండిపోయిన బిరడా

"పెళ్ళిలో ఎవరో అన్నారు అమ్మమ్మా, మా అమ్మని కన్నావిడ మున్నేట్లో మునిగి పోయిందట కదా. నిజమేనా?"

ఎవరే అన్నది? సరేలే, పేరు చెప్పొద్దు. చెబితే రేపు పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి నాలుగు అడుగుతా, మీ అమ్మేమో నన్ను కోప్పడుతుంది. మునిగి పోలేదమ్మా. ఏట్లో ఎవరూ పోలా. ఇలా దగ్గరికొచ్చి కూర్చో. ఏమ్మా కోడలా, ఆ చిక్కుళ్ళు ఇక్కడికే తెచ్చుకుని ఒలుచుకో, నువ్వూ విందువుగాని. పక్కింటి పిల్లల్ని కూడా రానీ, పర్లేదు. నలుగురుంటేనే నాకు నోరు సాగుతుంది. రామా, ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటావు.

నా పుట్టిల్లు జగ్గయ్యపేట, నీకు తెలుసుగా. పేటలో పుట్టిందాన్ని, పడవంటే ఏంటో తెలీదు నాకు. పెళ్ళై నందిగామకి ఎగువన మున్నేటి గట్టు మీద మా అత్తారింటికి కాపురానికొస్తే, పశువుల కొట్టం పక్కన పెద్ద పాకలో పడవుంది. గేదె ఉండాల్సిన చోట పడవేంటని అడిగా. మీ తాతయ్య ఒకటే నవ్వు. ఆ నవ్వుకి నాకు కోపమొచ్చి ఆ పూట అన్నం తిన్లేదు. చిన్నతనం.

ఎందుకంటే, మున్నేరు ఎండాకాలం ఇసకే. బళ్ళు పోతాయి, పిల్లలు చెలమలు తవ్వుకుంటారు. వానలు పడి ఏరు కట్టిందంటే మాత్రం అవతలి ఊళ్ళు అవతలే, మనం ఇవతలే. వంతెన ఎక్కడో దిగువన ఉంది. మన్ను రోడ్ల మీద బండి కట్టుకుని చుట్టూ తిరిగొస్తే పొద్దు గూకేది, అదీ మధ్యలో వాగులు దారిస్తే. అందుకని మా మామయ్యగారు, ముక్త్యాల నుంచి కృష్ణ మీద తిరిగే పడవలు చేసే వడ్రంగిని పిలిపించి చేయించారు దాన్ని. ఆ దాపున పడవంటే మాదొక్కటే. డబ్బుకి కాదు, ఊరికి. ఎవరన్నా ఏమన్నా ఇస్తే గింజలు తీసుకునేవాళ్ళు, అంతే. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త అది. సంతలో కూరగాయల ముసలమ్మలు ఆ పైసలు లెక్క తెలీక ఒకటే తగువులు... ఏం చెబుతున్నా నేను? ఆఁ, పడవ.

ఎండాకాలమంతా పాకలో ఉంటే బల్లలు ఎండి నెర్రెలిస్తాయి. వానాకాలం ముందు గుగ్గిలం నూనెలో కాచి ఆ సందులన్నీ పూడ్చేవాళ్ళు. ఇదంతా ఒక ఎత్తు. పడవ అడుగున, వెనక కొసకి, ఇదుగో నా బొటనవేలు దూరేంత బెజ్జం ఒకటి ఉండేది. కావాలని పెట్టిందేలే. పాకలో ఉన్నప్పుడు జల్లు కొట్టినా, కడిగినా, నీళ్ళు దాన్లోంచి కారిపోవాలి కదా, లేకపోతే చెక్క కుళ్ళిపోతుంది. ఏట్లోకి దించే ముందు దానికి చెక్క బిరడా కొట్టి బిగించాలి. వేప బిరడా. గుడ్డ చుట్టి ఆముదంలో నానబెట్టి కొడితే చుక్క నీరు రాదు.

ఆ బిరడా మా ఇంట్లో ఎక్కడుండేదో తెలుసా? దేవుడి గదిలో. దీపం పక్కన చిన్న గూట్లో. మా అత్తయ్య పెట్టేది. పడవలో మనుషుల్ని కాసేది ఇదేనమ్మాయ్, ఇది దేవుడి దగ్గరే ఉండాలి అనేది. పడవని రెండెడ్ల బండి మీద వెదుళ్ళు పరిచి ఎక్కించి, మోకులేసి కట్టి, ఏటికి తోలుకెళ్ళేవాళ్ళు. బండికి ముందు మా అత్తయ్య నడిచేది, తలస్నానం చేసి, పసుపు చీర కట్టి, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో పసుపూ, కుంకుమా, కర్పూరం, కొబ్బరికాయ, బిరడా. ఊరంతా వెనకాల. నీళ్ళ దగ్గర బండిని వెనక్కి తోలి ఇరుసు దాకా దించేవాళ్ళు. అప్పుడు ఆవిడ బిరడాకి బొట్టు పెట్టి, గంగమ్మకి మూడుసార్లు తిప్పి, పెద్ద కొడుకు చేతికి, అంటే మీ తాతయ్య చేతికి, ఇచ్చేది. ఆయన కొట్టి బిగించాక కొబ్బరికాయ. ఆ తర్వాతే మోకులు విప్పడం. ఏటేటా ఇదే వరస. నాకైతే ఒళ్ళు పులకరించేదే అది చూస్తే. ఇప్పటికీ, ఇదుగో చూడు చెయ్యి.

ఇక మీ అమ్మని కన్నావిడ. అన్నపూర్ణ. మీ తాతయ్య చెల్లెలు, నాకు ఆడపడుచు. ఆడపడుచంటే మీరు సినిమాల్లో చూసేట్టు అనుకునేరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకు పిడకలు కొట్టడం రాకపోతే, వాళ్ళమ్మ చూడకుండా నావీ తనే కొట్టేసేది. "వదినా, నీ పిడకలు చూస్తే గేదెలు కూడా నవ్వుతున్నాయి" అనేది. దాన్ని ఏటికవతలి ఊరికే ఇచ్చారు. గట్టు మీద నిలబడి కేకేస్తే వినపడేంత దూరం. ఎండాకాలం సాయంత్రాలు ఇసకలో నడుచుకుంటూ వచ్చేసేది. తొలి కాన్పుకి తీసుకొద్దామనుకుంటుండగానే పరిటాలలో మా మామయ్యగారి పెద్దనాన్న కొడుకు పోయారు. దాయాదులు కదా, మాకు మైల. మైలింటికి కడుపుతో ఉన్న పిల్లని తీసుకురాకూడదని, అది వదిలాక తెద్దామని ఆపారు. మైలంటే తెలుసుగా, పూజ లేదు, దీపం లేదు. దేవుడి గది తలుపు దగ్గరికేసి ఉంది. దాని గడప మీద కాలు పెట్టే పని లేదు ఎవరికీ.

ఆ ఏడు ఏరు ముందుగా కట్టింది. పైన ఎక్కడో వానలు. పొద్దుటికల్లా ఎర్రటి నీళ్ళు గట్టు ఒరుసుకుని పోతున్నాయి. ఇంకా పడవ దించలా. నేను చంటిపిల్లాణ్ణి, అదే మీ మామయ్యని, ఒళ్ళో వేసుకుని పాలిస్తున్నా. అవతలి గట్టు మీద నుంచి కేకలు. అన్నపూర్ణ మామగారు పైపంచె తీసి ఊపుతున్నాడు. గాలికి మాట సగం సగం వస్తోంది. "పిల్ల పుట్టింది... రక్తం ఆగట్లా... పడవ... పడవెయ్యండి."

ఇక చూడు. నందిగామ ఆసుపత్రికి తీసుకుపోవాలి, అదొక్కటే దారి. మామయ్యగారు ఎడ్లు కట్టారు. మీ తాతయ్యా, మా మరిది కోటయ్యా, ఊళ్ళో మగాళ్ళూ కలిసి పడవని బండి మీదికెత్తారు. ఎప్పుడూ లేనిది బండి పరుగు మీద పోయింది ఏటికి. బండి ముందు ఎవరూ లేరు. మా అత్తయ్య వెనకాల పరిగెత్తుతోంది, అన్నపూర్ణా అన్నపూర్ణా అనుకుంటూ, మాసిన చీరతో. నేనూ పిల్లాణ్ణి చంకనేసుకుని పోయా. ఇరుసు దాకా దించారు, మోకులు విప్పారు, పడవ జారి నీళ్ళలో పడింది. అన్నదమ్ములిద్దరూ ఎక్కి గడలు వేశారు.

మరి బిరడా?

ఎవరికీ గుర్తు లేదమ్మా. ఒక్కరికి కూడా. ఇంట్లో గుర్తు పెట్టుకునేవాళ్ళు లేక కాదు. ఏటేటా అది పళ్ళెంలో వచ్చేది, కర్పూరంతో పాటు వచ్చేది. మైలలో పళ్ళెం లేదు. పళ్ళెం లేకపోతే బిరడా లేదు. ఎప్పుడూ ఎవరూ దాన్ని విడిగా తలుచుకోలా, తలుచుకోవాల్సిన పని పడలా. గంగమ్మకి దణ్ణం పెట్టుకోవడంలోనే అది కలిసిపోయి ఉండేది.

ఏటి మధ్యకి పోయేటప్పటికి పడవ బరువెక్కినట్టు తూలింది. మీ తాతయ్య వంగి అడుగుకి చూడ్డం, కండువా తీసి కుక్కడం, మాకు గట్టు మీంచి కనపడుతూనే ఉంది. అంత పోటులో కండువా నిలుస్తుందా? మడమ పెట్టి తొక్కి పట్టుకున్నారట. తొక్కి పట్టుకుంటే గడ వేసేదెవరు? కోటయ్య ఒక్కడి వల్ల కాలా. పడవ అడ్డం తిరిగి, కిందికి కొట్టుకుపోయి, వంపు దగ్గర తుమ్మ పొదల్లో చిక్కుకుంది. ఇవతలి ఒడ్డునే. ఇద్దరూ బతికారు, నా పసుపు కుంకుమలు నిలిచాయి. ఆ మాట నేను పైకి అన్లేదు ఎప్పుడూ. ఎలా అంటా, ఆ రోజున?

అప్పుడు మా అత్తయ్యని చూశా నేను. ఏటి వంక చూడ్డం లేదావిడ. తన చేతులు చూసుకుంటోంది. రెండు చేతులూ ఇలా ముందుకి చాపి, ఖాళీ చేతులు. వెనక్కి తిరిగి ఇంటి వైపు పరుగు. భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులు, అరుగు ఎక్కాలన్నా ఎవరో చెయ్యివ్వాలి. ఆ మనిషి ఆ బురదలో పరిగెత్తింది. మళ్ళీ వచ్చేసరికి బిరడా గుప్పిట్లో ఉంది. మైలతో దేవుడి గదిలోకెళ్ళి తెచ్చింది.

మగాళ్ళు పడవకి మోకులు కట్టి గట్టు వెంట పైకి లాక్కొచ్చారు. నీళ్ళు పారబోసి బిరడా కొట్టారు. ఈసారి పోయారు, తెచ్చారు. ఎంత పొద్దు పోయిందని నన్నడక్కు. మంచం మీద పడుకోబెట్టి తెచ్చారు అన్నపూర్ణని. తెల్లగా, సున్నంలా ఉంది. దాని అత్తగారి చేతుల్లో గుడ్డలో చుట్టి మీ అమ్మ. పడవ తెచ్చిన బండిలోనే గడ్డి పరిచి పడుకోబెట్టాం. కళ్ళు తెరిచి, "చలేస్తోందమ్మా" అంది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మా అత్తయ్య బండెక్కి దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. నన్ను ఇంటికి పంపారు, పసిదాన్ని నా చేతిలో పెట్టి. తర్వాతది మామయ్యగారు చెప్పిందే. నందిగామ ఇంకా రాకుండానే ప్రాణం పోయింది. ఆయన పగ్గాలు లాగి బండి ఆపబోతే, మా అత్తయ్య రుద్దడం ఆపకుండానే "తోలు" అందట. ఆసుపత్రి గుమ్మం దాకా రుద్దుతూనే ఉందట.

నీళ్ళివ్వవే కాస్త. చాలు.

నా ఒళ్ళో ఇద్దరు పిల్లలు. ఒక పక్క మీ మామయ్య, ఒక పక్క మీ అమ్మ. పెద్దయ్యాక మేనరికం కదా, చేసుకోకూడదూ అని ఎంతమంది అన్నారో. ఒకే రొమ్ము పాలు తాగినవాళ్ళు, అన్నా చెల్లెళ్ళే అని నోరు మూయించా. మీ అమ్మని కన్న తండ్రి తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మంచివాడే, చూడ్డానికొచ్చి పోతుండేవాడు.

మైలలన్నీ వదిలాక, పుణ్యాహవచనానికి పంతులుగారొచ్చారు. పెద్దాయన, మా ఇళ్ళన్నిటికీ ఆయనే. దేవుడి గది కడిగి, మామిడాకుతో నీళ్ళు చల్లారు. మా అత్తయ్య గడప బయట కూర్చుంది. "నేను మైలలో లోపలికెళ్ళానండీ" అంది. ఆయనకి సంగతి తెలుసు. "పర్వాలేదమ్మా, ప్రాణం మీదికొచ్చినప్పుడు దోషం ఉండదు. నీ మనసుకి కావాలంటే చిన్న ప్రాయశ్చిత్తం చెబుతా" అన్నారు.

"వెళ్ళినందుకు కాదండీ," అంది మా అత్తయ్య. "ముందే వెళ్ళనందుకు ఏం చెయ్యాలో చెప్పండి."

పంతులుగారు చేతిలో చెంబు కింద పెట్టేశారు. "నాకు తెలీదమ్మా" అన్నారు. కండువాతో కళ్ళు తుడుచుకుని, సంభావన తీసుకోకుండా వెళ్ళిపోయారు.

నేను దేవుణ్ణి నమ్మినదాన్నే తల్లీ. దీపం పెట్టకుండా మంచినీళ్ళు ముట్టను, నీకు తెలుసు. ఆ మైల తప్పనీ అనను, దేవుడిది తప్పనీ అనను. పంతులుగారు తెలీదన్నారు చూడు, ఆ మాటకి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటా. తెలుసని ఏదో ఒకటి చెప్పి ఉంటే మా అత్తయ్య చచ్చిపోయేది.

మరుసటి ఏడు నుంచి బిరడాని గొలుసు వేసి పడవకే కట్టేశారు మీ తాతయ్య. పళ్ళెంలో కొబ్బరికాయ వచ్చేది, కర్పూరం వచ్చేది, కానీ పళ్ళెం నేను పట్టుకునేదాన్ని. మా అత్తయ్య ఏటికి రాలేదు ఇంక.

పసిదాన్ని కూడా ముట్టుకునేది కాదు. నెలలు గడిచాయి. ఉయ్యాల ఉన్న గదిలోకి వచ్చేది కాదు, ఏడుస్తుంటే పెరట్లోకి పోయేది. "నా చేతులు మంచివి కావమ్మాయ్" అనేది. ఒకరోజు ఇక నేను ఊరుకోలా. ఆవిడ నడవలో కూర్చుని బియ్యం ఏరుకుంటుంటే చేట పక్కకి జరిపేసి, పిల్లని తెచ్చి ఒళ్ళో పడేశా. "ఇద్దర్ని మొయ్యడం నా వల్ల కాదు అత్తయ్యా. పొయ్యి మీద పాలున్నాయి" అని వెనక్కి చూడకుండా పోయా. పాలూ లేవు, పొయ్యీ వెలిగించలా. తలుపు సందులోంచి చూస్తున్నా. చాలాసేపు చేతులు గాల్లోనే పెట్టుకుని కూర్చుంది, తగిలితే ఏమవుతుందో అన్నట్టు. మీ అమ్మ ఊరుకుంటుందా, ఆవిడ మంగళసూత్రం పట్టుకుని లాగి నోట్లో పెట్టుకుంది. అప్పుడు దింపింది చేతులు. మెల్లగా పిల్ల పాదాలు పట్టుకుంది. రుద్దడం మొదలెట్టింది.

వెచ్చగా ఉన్నాయేమో, అలా ఏడ్చింది మనిషి...

సరేలేమ్మా. మీ అమ్మకి ఇదంతా ఎప్పుడూ విడమరిచి చెప్పలా నేను. అడిగితే చెప్పు, అడక్కపోతే వద్దు. ఏదీ, ఇలా వంగు, నీ తల మీద చెయ్యి పెట్టనీ. నీ పిల్లల కాళ్ళు ఎప్పుడూ వెచ్చగా ఉండాలి తల్లీ. అంతకంటే ఏం కోరుకోను నేను.