గరాజ్‌లో పొయ్యి

ఇల్లంతా వాసన పట్టేస్తుందని, అమెరికా వచ్చిన ఇరవయ్యేళ్లుగా గరాజ్‌లోనే చేపలు వేయించిన వసంతలక్ష్మి, ఆవేళ మొదటిసారి వంటింటి అవెన్‌లో కాడ్ చేప బేక్ చేసి భర్తకు వడ్డించింది.

"పైన ఏంటిది, టమాటా పచ్చడా?"

"మెక్సికన్ పద్ధతండీ. టమాటా, ఆలివ్‌లు, హాలపీనో మిర్చి. ఎలా ఉంది?"

"అద్భుతంగా ఉంది. ఇంకో ముక్క వెయ్యి."

"వాసన కూడా రాలేదు చూశారా! ఇంక ఆ గరాజ్ స్టవ్ ఎవరికైనా ఇచ్చేద్దాం."

ఆయన చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది.

"ఎందుకివ్వడం?"

"చలిలో నా పక్కన నిలబడే బాధ మీకు తప్పుతుందిగా."

"బాధేంటి? టీవీ, ఫోన్లు లేకుండా మనిద్దరం మాట్లాడుకునేది అక్కడే కదా."

వసంతలక్ష్మి నవ్వు దాచుకుంటూ ఇంకో ముక్క వేసింది.

"అయితే శనివారం వేపుడు చేస్తాను. ఈసారి కుర్చీ తెచ్చుకోండి. ఇరవయ్యేళ్లుగా నిలబడే మాట్లాడుతున్నారు."