వాకిలి లేని బడి

అధ్యక్షత వహించిన డిప్యూటీ ఇన్‌స్పెక్టరు పార్థసారథి గారికి, ఈ వయసులో నిచ్చెనెక్కి గోడ దాటి వచ్చిన ఊరి పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, మీ అందరికంటే ముందే దూకి కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

పార్థసారథి గారు నంద్యాల నుంచి మన బడికి రావడం ఇదే మొదలు. పంచె ఎగగట్టి నిచ్చెన దిగుతూ, "హెడ్మాస్టరు గారూ, వాకిలి ఏదండీ?" అని అడిగారు. ఈ రోజు రిటైరయ్యే దాకా నేనే హెడ్మాస్టరును గనుక జవాబు చెప్పి పోవడం నా ధర్మం.

మూడేళ్ల కిందట పరీక్షలు జరుగుతుండగా ఊళ్లోని రెండు పార్టీల వాళ్లూ కట్టెలు, గొడ్డళ్లు తీసుకుని మన వరండాలోకి వచ్చి తేల్చుకున్నారు. చదువు మీద అభిమానం కొద్దీ వచ్చారనే అనుకుంటాను. అడ్డం పోయిన డ్రిల్లు మాస్టరు ఆనందరావు గారికి ఒక కన్ను పోయింది. కొట్టిందెవరో ఈనాటికీ తెలియదు, ఊరంతా చూసింది కదా, అందుకని.

పిల్లల రక్షణకు ప్రహరీ కట్టుకోండని సర్కారు వారు గ్రాంటు ఇచ్చారు. తూర్పు పార్టీ పెద్ద ఓబయ్య గారు ఒక సగం, పడమటి పార్టీ పెద్ద మద్దిలేటి గారు ఒక సగం, పోటీ మీద కట్టించారు. అంత గట్టి గోడ ఆళ్లగడ్డ చుట్టుపక్కల లేదు. చిక్కంతా వాకిలి దగ్గర వచ్చింది. మన ఊళ్లో ఒక పార్టీ మనిషి రెండో పార్టీ వీధిలో కాలు పెట్టడు. తూర్పున పెడదామంటే మద్దిలేటి గారు, "ఏంది సారూ, మా పిల్లోళ్లు వాళ్ల ఈది తొక్కల్లా? యాడన్నా ఉందా?" అన్నారు. పడమట అంటే ఓబయ్య గారు, "ఆడ పెడితే మావోళ్లు గొర్రెలు కాసుకుంటార్లే అప్పా" అన్నారు. ఉత్తరాన వంక పారుతోంది. దక్షిణాన శ్మశానం, అటు వాకిలి అరిష్టమని ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పారు. వాళ్లిద్దరూ ఏకమైన సందర్భం నా సర్వీసులో అదొక్కటే. కాబట్టి వాకిలి పెట్టలేదు. (నవ్వులు)

అరిష్టమన్న ఆ దక్షిణపు గోడే పిల్లలకు దారైంది. రెండు వీధులూ అక్కడే కలుస్తాయి మరి. ఆ గోడ ఎవడూ ఒంటరిగా ఎక్కలేడు, ఇంకొకడు వంగి భుజం ఇవ్వాలి. గంట కొడుతుంటే ఆ భుజం ఏ పార్టీదో చూసే తీరిక ఎవరికుంది? ఇక పెద్దలకు నిచ్చెన. గొడ్డలి పట్టుకుని నిచ్చెనెక్కడం ఎంత కష్టమో కొందరు ప్రయత్నించి చూశారు. ఆనాటి నుంచి బడిలో ఒక్క దెబ్బ పడలేదు. గ్రాంటు సార్థకమైంది, సర్కారు అనుకున్న తీరుగా కాకపోయినా.

అయితే ఆడపిల్లలు గోడ దూకలేక, అందరి ముందూ నిచ్చెనెక్కలేక బడి మానేశారు. రామేశ్వరమ్మ టీచరు వాళ్ల ఇళ్లకు పోయి పాఠాలు చెబుతోంది. అందుకని వాకిలి కావాలి, కాదనను.

కానీ ఇందాక అధ్యక్షుల వారు కొత్త గ్రాంటు ప్రకటించారు. తూర్పున ఒక గేటు, పడమట ఒక గేటు, రెండింటికీ నా పేరు. మీరు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. రేపటి నుంచి వీళ్ల పిల్లలు ఇటు, వాళ్ల పిల్లలు అటు. గొడ్డళ్లకూ చెరొక దారి. ఆనందరావు గారికి మిగిలింది ఒక్క కన్నే నాయనా.

నాకు శాలువా వద్దు. దక్షిణాన ఒకే ఒక్క వాకిలి పెట్టండి, ఒక మనిషి పట్టేంత. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఆగి, "నువ్వు ముందు పో అన్నా" అనాలి. ఓబయ్య గారూ, మద్దిలేటి గారూ, ఊఁ అనండి.

అటు పెడితే శ్మశానం కనబడుతుందని మీ భయం. కనబడనీయండి. రెండు గేట్లు పెడితే పిల్లల్ని ఆ శ్మశానానికే మోసుకుపోవాల్సి వస్తుంది.

ఇన్నాళ్లు నన్ను భరించారు, కృతజ్ఞుణ్ణి. సెలవు.